దేశం సరుకు

మా ముత్తాత మార్కాపురానికీ తర్లుపాడుకీ నడుమ పలకరాయి గుంట తవ్వించిన తొలివాళ్లలో ఒకడు. మా తాత దాని పక్కన ఇంకొన్ని గుంటలు తవ్వించి, ఇంటి వెనక గిడ్డంగి కట్టి, బడిపిల్లల పలకలకు చెక్క చట్రాలు బిగించే పని పెట్టించాడు. తేరు పండగనాడు మోకు మీద మొదటి చెయ్యి మా ఇంటిది. మా తాత తాలూకా కచ్చేరిలో అడుగు పెడితే బంట్రోతు ఎవరినీ అడగకుండా కుర్చీ తెచ్చి వేసేవాడు. కర్నూలు నుంచి అధికారులు వచ్చి విడిది చేస్తే పాలూ పెరుగూ మా ఇంటి నుంచి పోయేవి. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. ఇవి చెప్పకపోతే తరవాత నాకు కలిగిన చిన్నతనం ఎంతటిదో చదివేవాళ్లకు తెలియదు.

మా నాయన కాలానికి గుంటల్లో ఊటనీళ్లు పడ్డాయి. అన్నదమ్ముల పంపకాల్లో పోయినవి పోగా, మిగిలినవి వ్యాజ్యాల్లో పోయాయి. నా చేతికి వచ్చేసరికి ఉన్నది ఇల్లు, ఖాళీ గిడ్డంగి, అందులో ఒక మూల గోడకు ఆనించిన పలకల కట్టలు. నేను సమితి ఆఫీసులో గుమస్తాను. మా తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన రోజులవి. అచ్చు కాగితాలు ఇంకా పాతవే వచ్చేవి. వాటి మీద కర్నూలును కొట్టేసి కొత్త జిల్లా పేరు రాయడం నా పనుల్లో ఒకటి. పని ఏదైనా ఇస్త్రీ పంచె లేకుండా ఒక్కనాడూ గడప దాటలేదు.

మా ఇంట్లో ఒక వింత ఉంది. దేశంలో సగం ఊళ్లకు సరుకు పంపినవాళ్లమే గాని, మాలో ఒక్కరు కూడా అటు గుంటూరు, ఇటు నంద్యాల దాటి ఎరగరు. మా తాత దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేవాడు. "సరుకు పోతాది, మనం పోం. కావాల్సినోళ్లు మన అరుగు మీదికే వస్తారు" అనేవాడు. వచ్చేవాళ్లు కూడా. తలపాగాల వాళ్లు, టోపీల వాళ్లు, జరీ అంచు కండువాల వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుని పలకలు చూసుకుని పోయేవాళ్లు. వాళ్లకు మంచినీళ్లు పంపుతూ, తలుపు చాటు నుంచి వాళ్ల మాటలు వింటూ మా జేజి, అంటే మా నాయన తల్లి, ముసలిదయింది.

గిడ్డంగిలో సరుకును ఏరేది జేజే. పలకను ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేది. మోత బోలుగా వచ్చినవి, తెల్లచార ఉన్నవి ఒక పక్క. వాటిని ఊరి సరుకు అనేవాళ్లం. అవి పొదిలి సంతకూ త్రిపురాంతకం తిరనాళ్లకూ పోయేవి. గంట కొట్టినట్లు మోగినవి ఇంకో పక్క. అవి దేశం సరుకు. వాటిని గడ్డిలో చుట్టి, పెట్టెల్లో పేర్చి, రైలుకు ఎక్కించేవాళ్లు. "ఇది దేశం పోతాది" అని జేజి అన్నదంటే ఆ పలకలో వంక లేదని అర్థం. మా ఇంట్లో పుట్టిన బిడ్డ చురుగ్గా ఉన్నా "వీడు దేశం పోయేవాడు" అనేది. నన్ను కూడా అన్నదట.

ఈ దేశంలో ఏ ప్రాంతం ఎట్లాంటిదో జేజికి పలకల వల్ల తెలుసు. "నాగపూరోళ్లకు గీతలు కొట్టిన పలక కావాల. పాట్నావోళ్లకు చట్రం దొడ్డుగా ఉండాల, అక్కడి పిల్లోళ్లు పలకలతోనే కొట్టుకుంటారంట. కలకత్తావోళ్లకు పూసల తీగ లేకుంటే సరుకు వాపసే. కటకమోళ్లు చిన్నవి అడుగుతారు. వాళ్ల అచ్చరాలు మన మాదిరే గుండ్రంగా ఉంటాయంట గదా, మరి చిన్న పలకలో ఎట్ల రాస్తారో ఏమో, ఒకసారి పోయి చూడాల." ఈ చివరి మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆమె కంటికి పొర కమ్మడం మొదలయిన ఏడు, పోయి చూడాల అన్న మాట నవ్వుతూ అనడం మానేసింది. అప్పుడు నేను నిశ్చయించుకున్నాను. ఆ చూపు ఉండగానే జేజికి దేశం చూపించాలి.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో మాస్టరు నాకు సర్క్యులర్ టికెట్ సంగతి చెప్పాడు. ఎక్కిన చోటే మళ్లీ దిగేటట్లు దేశాన్ని ఒక చుట్టు చుట్టి రావచ్చు, ఎక్కడ ఆగాలో ముందే రాసి ఇవ్వాలి. పాత రైలు పటం ఒకటి కూడా ఇచ్చాడు. దాన్ని నడిమింట్లో పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు పలకలు పెట్టాం. జేజి చదవలేదు. నేను ఊరి పేరు చదివితే ఆమె తీర్పు చెప్పేది.

"ఇటార్సీ?"

"మన సరుకు ఆడ బండి మారేది. దిగే పన్లేదు."

"కాన్పూర్?"

"దిగాల. ఆడోడు ఒకడు మీ తాతను అన్నా అని పిలిచేటోడు."

నా భార్య జొన్నరొట్టెలు తట్టి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పటం మీదికి వంగింది. "అంతా బాగుంది గాని, కాశీ ఏది?"

జేజి ఆలోచించింది. "మన సరుకు కాశీకి పోలేదే."

"సరుకు పోకుంటే దేవుడు గూడా లేడా అవ్వా? పలకలు దిగిన స్టేషన్లన్నీ చూసి, కాశీ పక్కనే పోతా దిగకుండా వస్తే చూసినోళ్లు నవ్వరా?"

అట్లా కాశీని కాన్పూరుకూ పాట్నాకూ మధ్య ఇరికించాం. చలికి బొంతలు, దారికి సజ్జరొట్టెలు, వేరుశనగ పొడి, చింతపండు అన్నీ మాటల్లో మూట కట్టాం. భాష ఎట్లా అని నేను దిగులు పడితే జేజి కొట్టిపారేసింది. అరుగు మీది వ్యాపారుల నుంచి ఆమె పట్టుకున్న హిందీ మాటలు మూడు: అచ్ఛా, మాల్, టూటా. బాగుంది, సరుకు, పగిలింది. "ఇంతకన్నా ఏం మాట్లాడతాం?" అంది.

ఖర్చుకు దారి నేను ముందే చూసుకున్నాను. గిడ్డంగి మూలనున్న పలకల కట్టలు మా ఇంటి చివరి దేశం సరుకు. బజారులో ఒక పలకల వ్యాపారి వాటిని మంచి ధరకు తీసుకుంటానని మాట ఇచ్చాడు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా కానిచ్చి, మా తాత మనవడు హాయిగా దేశం చూడబోయినాడని అనిపించుకోవాలని నా కోరిక.

ఇక నన్ను చిన్నతనం పాలు చేసిన మాట సంగతి. రైలు పటం చంకలో పెట్టుకుని బజారున పోతుంటే కిరాణా దుకాణం ఆయన పిలిచాడు. వరసకు మామ అంటాను.

"ఏంది అల్లుడా, పటం పట్టుకొని తిరుగుతాండావు? యాత్రకా?"

యాత్ర అనే మాట నాకు నచ్చలేదు. యాత్రకు అందరూ పోతారు. తలల మీద మూటలు పెట్టుకుని, బస్సులో కీచులాడుకుంటూ పోతారు. మాది అట్లాంటిది కాదు. నేను వెన్ను నిటారుగా పెట్టి, "యాత్ర కాదు మామా. దేశం పోతాండాం" అన్నాను.

ఆయన తక్కెడ దించాడు. "అందరూనా?"

"అందరం. జేజి గూడా."

"అయ్యో. ఆ వయసులో ఆమెకు ఎంత కష్టమొచ్చె."

"కష్టమేముంది మామా, ఆమెకే తొందరగా ఉంది" అని చెప్పి వచ్చేశాను.

మా ఇంట్లో దేశం పోవడం అంటే ఏమిటో చెప్పాను. మా ఇల్లు దాటితే ఆ మాటకు వేరే అర్థం. వానలు మొహం చాటేసిన ఏడు పశువుల్ని అమ్ముకుని, తలుపుకు ముళ్లకంప కట్టి, సంసారాన్ని నెత్తిన పెట్టుకుని కృష్ణ ఒడ్డుకో, సముద్రం పక్కకో బతకపోయేవాళ్లను మా పక్క "దేశం పోయినారు" అంటారు. ఎక్కడికి అని ఎవరూ అడగరు. ఎప్పుడు వస్తారని అసలే అడగరు. ఈ అర్థం నాకు తెలియదని చెప్పలేను. సమితి ఆఫీసులో అట్లాంటి ఇళ్ల గురించి నేనే రాసేవాణ్ని. అయినా ఆ మాట మా ఇంటికి కూడా అంటుతుందని నాకు తోచలేదు. కరువుకు పోయేవాళ్లు వేరు, మేము వేరు.

ఆ మరుసటి రోజు నుంచి మా ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. పక్కింటావిడ గంపెడు మురుకులు తెచ్చి జేజి చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకుంది. మా తాత దగ్గర రాయి కొట్టిన ముసలాయన ఒకడు అరుగు కింద నిలబడి, "యాడున్నా చల్లగుండండి సామీ" అని దండం పెట్టి పోయాడు. బజారులో ఎవరెదురైనా పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. మా తాత రోజుల మర్యాద మళ్లీ వచ్చిందనుకున్నాను. ఆ నాలుగు రోజులూ నేను నడిచిన నడక తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

ఒక్క సంగతి నాకు అందాల్సింది, అందలేదు. మా ఊళ్లో ఎవరైనా యాత్రకు పోతున్నారంటే ప్రతివాళ్లూ ఏదో ఒకటి తెమ్మంటారు. కాశీ దారం తెమ్మంటారు, గంగ చెంబు తెమ్మంటారు. ఏమీ లేకపోతే ఆ మట్టి చిటికెడు తెమ్మంటారు. మమ్మల్ని ఎవరూ ఏమీ తెమ్మనలేదు.

పాలు పోసే ఆమె గిన్నెలో పాలు వంచుతూ, "నెలాఖరు దాకా పొయ్యాల్నా, ఈలోపలే పోతారా?" అని నా భార్యను అడగడం విన్నాను. అప్పుడూ నాకు వెలగలేదు. పొదిలి నుంచి పాత కలప కొనే సాయిబు వచ్చినప్పుడు వెలిగింది. ఆయన వీధిలో సైకిలు నిలిపి, నాకు సలాం చేసి, నన్ను దాటి మా తలవాకిలి వైపు చూశాడు. మా ముత్తాత చేయించిన టేకు తలుపులు అవి. ఒక్కో రెక్క మీద ఇత్తడి పువ్వులు. ఆయన దగ్గరికి పోయి ఒక పువ్వు మీద వేలితో దుమ్ము తుడిచాడు.

"దేశం పోతాండారంట గదా. పొయ్యే ముందర ఒక మాట అడుగుదామని వచ్చినా. ఊరికే ఎండకూ వానకూ చెడిపోతాయి. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

ఆయన ఎంతో మర్యాదగా అన్నాడు. అందుకే కసురుకోలేకపోయాను. లోపలికి పోయి నా భార్యను అడిగాను.

"బజారంతా అదే అంటాండారు" అంది. "మీకు తెలిసే ఊరుకున్నారనుకున్నా."

"నువ్వు చెప్పద్దా?"

"ఏమని చెప్పాల? మన పెండ్లినాడు గూడా మీరు అంత కులుకుగా నడవలేదు. ఎట్ల చెప్పాల?"

నేరుగా కిరాణా దుకాణానికి పోయాను. మేము చూసి రావడానికి పోతున్నామని చెప్పాను.

"అవునవును, చూసొచ్చేదానికే" అన్నాడు మామ.

"సర్క్యులర్ టికెట్ మామా. ఇక్కడ ఎక్కుతాం, దేశమంతా తిరుగుతాం, మళ్ల ఇక్కడే దిగుతాం."

"దిగుతారు. దిగకేం."

బియ్యం మూట మీద కూర్చున్న ఆయన ఒకడు అందుకున్నాడు. "మా బామ్మర్ది గూడా ఇట్లనే చెప్పినాడు. ఎండాకాలం దాటినాక వచ్చేస్తానన్నాడు. ఇప్పుడు రేపల్లె పక్క ఇల్లు గూడా కట్టినాడు."

"నువ్వు ఊరుకోరా" అని మామ అతన్ని కసిరి, నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. చిన్నపిల్లవాడికి పెట్టినట్లు పెట్టాడు. నేను ఎంత చెబితే అంత దిగజారుతున్నానని అర్థమై బయటపడ్డాను.

పలకల వ్యాపారి దగ్గర ఇంకా చిన్నతనమయింది. ముందు చెప్పిన ధరలో సగానికి దిగాడు. "పొయ్యేటోళ్లు గదా, ఇంకెవరికి అమ్ముతావు?" అన్నాడు. మొహమాటం లేకుండా, నవ్వుతూ అన్నాడు. మా తాత సరుకును ఆ ధరకు ఇవ్వడం కన్నా గుంటలో పారెయ్యడం మేలని లేచి వచ్చేశాను. ఇంటికి చేరేదాకా ఆ రోషం బాగానే ఉంది. చేరాక తెలిసింది, రైలు ఖర్చు ఆ రోషంతోనే పోయిందని.

ఇప్పుడు పోతే ఊరు వదిలి పారిపోయారంటారు. పోకపోతే పారిపోవడానికి కూడా గతి లేదంటారు. రెండోదే కాస్త నయమనిపించింది. నడిమింట్లో జేజి తన చీరలు మడత పెట్టుకుంటోంది. "చలికాలం పోనీ జేజీ, తరవాత చూద్దాం" అన్నాను.

"చలికాలం పోతే ఎండాకాలం. ఎండాకాలం పోతే నేను" అంది, మడత ఆపకుండా. తరవాత తల ఎత్తింది. "నీ పెండ్లాం అంతా చెప్పిందిలే."

నేను తల వంచుకున్నాను. జేజి నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి, నా భార్య నీళ్లు తెచ్చేదాకా ఆగలేదు.

"దేశం పోతాండామనే గదా నువ్వు చెప్పినావు? ఉన్నమాటే గదా?"

"వాళ్లు అనుకునేది వేరు జేజీ."

"వాళ్లు అనుకునేది వాళ్లతోనే ఉంటాది. మన బండికేమన్నా ఎక్కుతాదా? ఆ పొదిలి సాయిబును పిలిపించు."

"తలవాకిలి అమ్ముకుంటే వాళ్లన్నదే నిజమవుతాది."

"అబ్బయా, ఆ తలుపెనక దాచేదానికి ఏముందని అంత దొడ్డు తలుపు?"

పొదిలికి కబురు పెట్టాను.

సాయిబు వచ్చిన పొద్దున జేజి లోపల కూర్చోలేదు. మా తాత కూర్చున్న చోట, వీధికి ఎదురుగా, అరుగు మీద కూర్చుంది. అట్లా కూర్చున్న ఆడమనిషి మా ఇంట్లో ఆమే మొదలు. నేను ఆ తలుపు రెక్క వెనకే నిలబడ్డాను. వీధిలో పోయేవాళ్లు ఆగుతున్నారు. పాలామె చెంబు చంకన పెట్టుకుని నిలబడిపోయింది.

జేజి కణుపుతో రెక్కను తట్టింది. ఆ దెబ్బ అవతల వైపున్న నా అరచేతికి తెలిసింది.

"విను మోత. టూటా మాల్ కాదు. దేశం సరుకు."

"తెలుసు అవ్వా, అందుకే వచ్చినా."

ధర మాట్లాడారు. సాయిబు చెప్పింది న్యాయంగానే ఉంది. అప్పుడు జేజి షరతు పెట్టింది. సగం ఇప్పుడు ఇవ్వాలి. తలుపులు మాత్రం మేము తిరిగి వచ్చాక తీసుకుపోవాలి. అందాకా ఇంటికి తాళం ఉండాలి గదా అంది.

"వాపసు వస్తారని ఏం గ్యారంటీ అవ్వా?"

"రాకుంటే తలుపులతో బాటు దూలాలు గూడా పెరుక్కోనిపో. వస్తే తలుపులొక్కటే. ఎట్ల చూసినా నీకేం నష్టం?"

సాయిబు పెద్దగా నవ్వాడు. "అయితే మీరు రాగూడదని దువా చేసుకోవాల్నా?"

"చేసుకో. రైలు నీ మాట వింటాదో, నా మాట వింటాదో చూద్దాం."

వీధిలో నలుగురూ నవ్వారు. డబ్బు చేతులు మారింది. మా ముత్తాత తలుపును నలుగురి ముందు బేరం పెట్టిన పొద్దున, ఆ తలుపు వెనకే నిలబడి నేను బయటికి రాలేకపోయాను. వంట పొగకు వచ్చినట్లు కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. బయట పాలామె గొంతు వినిపించింది.

"అయితే నిజంగానే తిరిగొస్తారా అవ్వా?"

"రాకుంటే ఎట్ల? తలుపు ఇయ్యాల గదా."

"అట్లయితే నాకొక కాశీ దారం తేండి. మా చిన్నోనికి కట్టాల."

"తెస్తా. ఇంకెవరికి కావాల?"

పక్కింటావిడ తనకు రెండు అంది. రాయి కొట్టిన ముసలాయన గంగ తెమ్మన్నాడు. సాయంత్రానికి కిరాణా మామ కూడా కబురు పెట్టాడు, కాశీలో ఇత్తడి చెంబులు బాగుంటాయట, ఒకటి చూడమని.

మేము పోయాం. నాగపూరులో జేజి ఊరు చూడనంది, సరుకు దిగిన షెడ్డు చూపించమంది. పాట్నాలో ఒక దుకాణం ముందు కూర్చుని, అక్కడి పలకలు ఒక్కొక్కటే చెవి దగ్గర తట్టి, దుకాణదారు ముఖం మీదే "టూటా" అని పక్కన పెట్టడం మొదలుపెట్టింది. జనం మూగారు. నేను ఆమె చెయ్యి పట్టి లాక్కుని వచ్చాను. ఆమె చూడవలసింది ఆమె చూసింది. నేను మాత్రం పోయినంత దూరమూ నా పంచె మడత చూసుకుంటూనే పోయాను. కటకంలో చిన్న పలకలు ఎందుకో కూడా కనుక్కుంది. అక్కడ బడిసంచులే చిన్నవట. అంతే. దానికి ఆమె పడిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాశీ దారాలు పంచిన మర్నాడు సాయిబు బండి తోలుకుని వచ్చాడు. గిడ్డంగిలో మిగిలిన పాత పెట్టెల చెక్కలు కలిపి వడ్రంగి మాకొక తలుపు కొట్టిపెట్టాడు. పలకల కట్టలు ఆ మూలనే ఉండిపోయాయి, ఎవరూ మళ్లీ అడగలేదు. మా ముత్తాత చేయించిన తలవాకిలి తలుపులు, రెండు రెక్కలూ, ఇత్తడి పువ్వులూ గొళ్లెమూ సహా, పొదిలి సాయిబుకు అమ్మేశాం.